తొడ కండ మచ్చకట్టిన గుర్రానికి టేపు వేస్తే కాలు సాగుతుందా?

మీరు అడిగినదాన్ని ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. ఎక్కడైనా పొరపాటుగా అర్థం చేసుకొని ఉంటే దిద్దండి. దేవరకొండ దగ్గర మీ దగ్గరున్న ఏడేళ్ల మార్వాడీ ఆడగుర్రం పోయిన ఏడాది సంక్రాంతి తర్వాత పొలం కంచె తీగలో ఎడమ వెనుక కాలు చిక్కుకొని, విడిపించుకోవడానికి బలంగా గుంజుకుంది. నొప్పి తగ్గడానికని అదే తొడలో నాలుగైదు రోజులు వరుసగా సూదులు వేయించారు, అక్కడ చీము పట్టింది, కోసి కడిగించారు, మూడు నెలలు పాకలో కట్టేసి ఉంచారు, పుండు మానింది. ఏడాది దాటిన తర్వాత ఇప్పుడు అది నడిచేటప్పుడు ఆ కాలు ముందుకు పూర్తిగా రావడం లేదు, నేలను తాకబోయే ముందు వెనక్కి జరిగి టప్పుమని పడుతోంది. ఆటగాళ్లు వేసుకునే రంగురంగుల సాగే టేపును గుర్రాలకు కూడా వేస్తున్నారని విన్నారు. దానితో ఆ గట్టిపడిన కండ కరుగుతుందా, ఎన్ని రోజులు వేయాలి, మళ్లీ పెళ్లి ఊరేగింపులకు తిప్పవచ్చా అన్నవి మీ మూడు ప్రశ్నలు.

మొదటి ప్రశ్నకు నా సమాధానం, కరగదు అనే. ఏ టేపూ కండ లోపల ముదిరిన మచ్చను కరిగించలేదు, కోసి తీయలేదు, సాగదీయలేదు. అయితే టేపు పూర్తిగా పనికిరానిదని కూడా నేను అనను. దానికి చిన్నదైన ఒక పని ఉంది. ఆ పనిని అది రోజువారీ నడిపింపుతో కలిసినప్పుడే చేస్తుంది. నేను నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో పశువైద్యం చేసిన ఏళ్లలో ఎక్కువ కాలం ఎడ్లకూ బర్రెలకూ మేకలకే గడిచిపోయినా, ఊరేగింపు గుర్రాలూ, పందాల నుంచి తప్పించిన తర్వాత మలక్‌పేట నుంచి మన వైపు చేరిన గుర్రాలూ తగినన్ని నా చేతుల మీదుగా వెళ్లాయి. కింద రాసేది ఆ అనుభవం నుంచే.

మీరు వర్ణించిన నడకను ఫైబ్రోటిక్ మయోపతి అంటారు. తోక మొదలుకు పక్కనా, పిరుదు ఎముక మొన దగ్గరా మొదలై, తొడ వెనుక అంచు వెంట కిందికి దిగి, వెనుక కాలి అసలు మోకాలి (పొట్ట పక్కన ఉండే పై కీలు) దిగువన లోపలి వైపు ఎముకకు అతుక్కునే పొడవాటి కండ ఒకటి ఉంది, దాని పేరు సెమిటెండినోసస్. గుర్రం వెనుక నిలబడి చూస్తే తొడకు గుండ్రని అంచు గీసినట్టు కనిపించేది అదే. ఈ జబ్బు ఎక్కువగా ఆ కండకే వస్తుంది, పక్కనున్న ఒకటి రెండు కండలకు కూడా పాకవచ్చు. చిరిగిన కండ మళ్లీ కండగా మానకుండా పీచుగా మానితే, ఆ పీచు పగ్గంలా కాలును వెనక్కి పట్టి ఉంచుతుంది. గుర్రం కాలును ముందుకు విసురుతుంది, పగ్గం బిగుసుకుంటుంది, గిట్ట 8 నుంచి 12 సెంటీమీటర్ల మేర వెనక్కి జరిగి నేల మీద పడుతుంది. మామూలు నడకలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది, పరుగులో చాలా వరకు మరుగున పడుతుంది. కొందరు యజమానులు పరుగులో బాగానే ఉంది కదా అని మోసపోయేది అందుకే. మరో ముఖ్య విషయం ఏమిటంటే, మచ్చ ముదిరిన తర్వాత ఇది సాధారణంగా నొప్పి లేని కుంటు. తలుపు బందు తుప్పు పట్టి పూర్తిగా తెరుచుకోనట్టు కాలు అక్కడికే ఆగిపోతుంది. అందుకే నొప్పి సూదులు దీనికి ఏమీ చేయవు.

మీరు ఇంట్లోనే చూడవలసింది ఒకటుంది. గుర్రాన్ని నాలుగు కాళ్ల మీద సమంగా నిలబెట్టి, దాని పక్కన, వెనుక కాదు, నిలబడి రెండు తొడల వెనుక అంచులనూ అరచేతితో పై నుంచి కిందికి తడమండి. మోకాలి ఎత్తులో ఎడమ తొడలో తాడు ముడిలాగానో, పలకలాగానో గట్టిగా తగిలి, కుడి తొడలో అదే చోట మెత్తగా ఉంటే మీ అనుమానం బలపడుతుంది. నొక్కితే గుర్రం చెవులు వెనక్కి వేసి, కాలు ఎత్తి, తోక విసిరితే అక్కడ ఇంకా నొప్పి ఉందని అర్థం, అప్పుడు ఈ సమాధానంలోని సగం మీకు వర్తించదు. ముందు ఆ నొప్పి ఎందుకో తేలాలి.

వెనుక కాలు వింతగా వేసే ప్రతి గుర్రానికీ ఇదే జబ్బు కాదు. మన ప్రాంతంలో పొరబడడానికి అవకాశాలు ఇంకా ఎక్కువ కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతాను. కాలు వెనక్కి జరగడానికి బదులు పొట్టకు తగిలేంత పైకి ఎగిరితే అది స్ట్రింగ్‌హాల్ట్ అనే వేరే జబ్బు. కాలు చాచుకొని మడవలేక గిట్ట మొన నేలకు రాసుకుంటూ పోతే మోకాలి చిప్ప పైన చిక్కుకుంటోందని అనుమానించాలి. రెండు వెనుక కాళ్లూ తూలుతూ, మూత్రం చుక్కలు చుక్కలుగా కారుతూ, తోక పట్టు తప్పి వేలాడుతూ ఉంటే, పచ్చి జొన్నలో మేసిందా అని నేను మొదట అడుగుతాను. ఎడ్లకు లేత పచ్చి జొన్న ప్రమాదమని మన రైతులందరికీ తెలుసు కాని, గుర్రానికి అది వెన్నుపామునూ మూత్రాశయాన్నీ దెబ్బతీస్తుందని చాలామందికి తెలియదు. బాగా ఎండిన చొప్పతో ఆ భయం చాలా తక్కువ.

ఇక నీరు. మీది మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు పాత బోరు నీళ్లు తాగే గుర్రమైతే ఫ్లోరైడ్‌ను కూడా లెక్కలోకి తీసుకోవాలి. నీటి నుంచి ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తీసే పద్ధతికి ప్రపంచమంతటా నల్లగొండ పేరే స్థిరపడిందంటే ఈ నేల బాధ ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) దాన్ని 1970లలో రూపొందించింది. ఇళ్లకు భగీరథ నీళ్లు వచ్చినా పశువుల తొట్టికి ఇంకా బోరు నీళ్లే పోసే ఇళ్లు ఉన్నాయి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది మనుషులకు పెట్టిన గరిష్ఠ పరిమితి. ఏళ్ల తరబడి అంతకు ఎంతో మించిన నీరు తాగిన పశువుకు పళ్ల మీద గోధుమ రంగు చారలు, దవడ మీదా కాళ్ల ఎముకల మీదా గట్టి బొడిపెలు, ఒక కాలికి కాక అన్ని కాళ్లకూ బిగుసుదనం వస్తాయి. గుర్రాలు ఎడ్లంత త్వరగా దీనికి లొంగవు కాని, పూర్తిగా తప్పించుకోవు కూడా. మీ గుర్రానికి ఒకే కాలు, అదీ దెబ్బ తగిలిన కాలే బాధిస్తోంది కాబట్టి ఫ్లోరైడ్ అసలు కారణం అయ్యే అవకాశం తక్కువ. అయినా పళ్లు ఒకసారి విప్పి చూడడానికి ఖర్చేమీ లేదు.

దెబ్బ ఒక్కటే ఈ మచ్చకు కారణమని కూడా నేను అనుకోవడం లేదు. కండలోకి వేసే సూదులు ఈ జబ్బుకు బాగా తెలిసిన కారణాల్లో ఒకటి. ముఖ్యంగా ఫ్లూనిక్సిన్ అనే నొప్పి మందును గుర్రానికి కండలోకి వేస్తే, కొన్నిసార్లు క్లాస్ట్రీడియం జాతి సూక్ష్మజీవులు అక్కడ విజృంభించి కండను కుళ్లబెడతాయి. ఆ మందును రక్తనాళంలోకి, అదీ అనుభవమున్న చేతితో వేయాలి, లేదా నోటి ద్వారా ఇవ్వాలి. మీ గుర్రానికి వేసిన మందు ఏమిటో మీరు రాయలేదు, కాబట్టి ఎవరినీ తప్పు పట్టను. కాని ఇక ముందు ఆ తొడలో ఏ సూదీ వేయనివ్వకండి. మరొకటి, కుంటుతున్న పశువుకు వాతలు పెట్టడం మన వైపు ఇంకా పోలేదు. ఇప్పటికే ఎవరైనా వాత పెట్టి ఉంటే, ఆ చోట వెంట్రుక రాదు, చర్మం పలచబడి మెరుస్తూ ఉంటుంది. అలాంటి చర్మం మీద టేపు వేయకూడదు.

ఇప్పుడు టేపు సంగతికి వస్తాను. దీన్ని కైనసియాలజీ టేపు అంటారు. జపాన్‌కు చెందిన కెంజో కాసే 1970లలో మనుషుల కోసం రూపొందించింది ఇది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో ఆటగాళ్ల భుజాల మీద ప్రపంచమంతా చూసింది. సన్నని నూలుబట్టకు సాగే దారం కలిపి నేసి, వెనుక అలలు అలలుగా జిగురు పూసిన పట్టీ ఇది, మందేమీ ఉండదు. చర్మాన్ని అతి కొద్దిగా పైకి లాగి, కింద రక్తమూ శోషరసమూ కదలడానికి చోటిస్తుందనీ, చర్మంలోని స్పర్శ నాడులను తడుతూ మెదడుకు ఆ భాగాన్ని గుర్తుచేస్తుందనీ దాన్ని వాడేవారు చెబుతారు. మొదటి మాటను బొచ్చున్న చర్మం విషయంలో నేను అంతగా నమ్మను, ఎందుకంటే గుర్రం మీద టేపు అంటుకునేది ముందుగా వెంట్రుకకు, తర్వాతే చర్మానికి. రెండో మాటలో కొంత నిజం ఉందని నా చూపుకు తోచింది. ఈగ కాలు మోపితే పసిగట్టే చర్మం గుర్రానిది. ఈగ వాలినప్పుడు జలదరించే పలుచని కండ పక్కలకూ డొక్కలకూ ఉంటుంది గాని తొడ వెనుకకు రాదు, కాని స్పర్శ మాత్రం అక్కడా చురుకుగానే ఉంటుంది. కాలు ముందుకు వెళ్లిన ప్రతిసారీ తొడ వెనుక ఏదో మెల్లగా లాగుతున్నట్టు తెలిస్తే గుర్రం ఆ కాలి మీద కొంచెం ఎక్కువ గమనం పెడుతుంది. అంతకు మించి ఆశించకండి. గుర్రాల మీద ఈ టేపును పరీక్షించిన పరిశోధనలు కొద్ది, అవీ చిన్నవి, ట్రాట్ (నడకకూ దౌడుకూ మధ్య వేగం) చేసే గుర్రాల వీపు కదలికను కొలిచి చూసిన ఒక పనిలో టేపు వల్ల చెప్పుకోదగ్గ మార్పేమీ కనిపించలేదు. ఇది తెలిసీ నేను టేపు వాడుతున్నాను, కాని టేపే నయం చేసిందని ఏ యజమానికీ ఇంతవరకు చెప్పలేదు.

మచ్చ వయసు అన్నిటికంటే ముఖ్యం. కండ చిరిగిన మొదటి కొద్ది రోజులు వాపూ వేడీ ఉంటాయి. ఆ తర్వాత వారాల్లో పీచు కణాలు వచ్చి ఖాళీని పూడుస్తాయి. ఆ పీచు ఏ దిక్కున లాగబడితే ఆ దిక్కున అల్లుకుంటూ నెలల పాటు రూపు దిద్దుకుంటుంది. ఆ నెలల్లో గుర్రాన్ని పాకలో కట్టేసి పూర్తిగా విశ్రాంతి ఇస్తే పీచు పొట్టిగా, అడ్డదిడ్డంగా గట్టిపడుతుంది. కొలతగా నడిపిస్తే పొడవుగా, కండ పోకకు అనుగుణంగా కుదురుకుంటుంది. మీరు మంచి మనసుతోనే మూడు నెలలు కట్టేశారు, కాని ఆ మూడు నెలలే కదలిక కావలసిన కాలం. మీ గుర్రం విషయంలో ఏడాది దాటింది కాబట్టి మచ్చను మార్చగల కాలం చాలా వరకు గడిచిపోయింది. మిగిలినవి రెండు: మచ్చ చుట్టూ ఉన్న మంచి కండను బలపరచడం, ఇన్ని నెలలు కుంటుతూ నడవడం వల్ల బిగిసిన నడుమునూ కుడి కాలినీ సర్దడం. ఆ పనులకు టేపు తోడుగా రాగలదు.

టేపు వేసే ముందు ఒక స్కాన్ చేయించండి. రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకువెళ్లగలిగితే, అల్ట్రాసౌండ్‌లో మచ్చ ఎంత పొడవు, ఎంత లోతు, అందులో సున్నపు గడ్డలు కట్టాయా అన్నది తెలుస్తుంది. సున్నం కట్టిన మచ్చను ఆసిఫయింగ్ మయోపతి అంటారు. దానికి టేపుతో గానీ మాలీసుతో గానీ పని లేదు.

వేసే విధానాన్ని మాటల్లో చెప్పగలిగినంత చెబుతాను. మందుల షాపుల్లో దొరికే 5 సెంటీమీటర్ల వెడల్పు, 5 మీటర్ల చుట్ట సరిపోతుంది. గుర్రాలకని ప్రత్యేకంగా అమ్మే వెడల్పాటి రకాలు బాగా అంటుకుంటాయి గాని తప్పనిసరి కాదు. ముందు రోజే చేతి వెడల్పంత ముక్క కత్తిరించి, మూలలు గుండ్రంగా చేసి, మెడ మీద అంటించి, ఒక పగలూ ఒక రాత్రీ ఉంచండి. దద్దుర్లు వచ్చినా, గుర్రం దాన్ని గోడకు రాసుకున్నా, పళ్లతో పీకినా ఈ మార్గం వదిలేయండి. టేపు తింటే పేగులో చిక్కుకోవచ్చు. ఇంకొక మాట, టేపు వెనుక కాగితం చించే చప్పుడుకు బెదరని గుర్రాన్ని నేను చూడలేదు. బ్యాండు మేళానికి అలవాటైన గుర్రం కూడా తన వెనుక ఆ చప్పుడు వింటే ఉలిక్కిపడుతుంది. అందుకే రెండు రోజులు ముఖం ఎదుట, దాణా పెట్టేటప్పుడు కాగితం చించి అలవాటు చేయండి.

వేసే రోజు తొడను పొడి బ్రష్‌తో దువ్వి, ఆ తర్వాత స్పిరిట్ అద్దిన గుడ్డతో జిడ్డు తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. నూనె రాసిన వెంట్రుక మీదా, ఈగల మందు చల్లిన వెంట్రుక మీదా టేపు నిలవదు. బొచ్చు గొరగవలసిన పని లేదు, గొరగవద్దు కూడా. సైసు (గుర్రాన్ని పట్టుకునే మనిషి) తల దగ్గర, మీరు ఉన్న వైపే నిలబడాలి. గుర్రం బెదిరితే తలను మీ వైపు తిప్పితే పిరుదు మీ నుంచి దూరంగా జరుగుతుంది. ఎడమ వెనుక గిట్టను ఒక అడుగు ముందుకు పెట్టించి ఆ కండ సాగి ఉన్న స్థితిలో అంటించాలి. పట్టీ మొదటి 5 సెంటీమీటర్లను పిరుదు ఎముక మొన కింద ఏమాత్రం లాగకుండా అంటించి, నడిమి భాగాన్ని అతి కొద్దిగా, అంటే సాగగలిగినదానిలో నాలుగో వంతుకు మించకుండా సాగదీస్తూ, తొడ వెనుక అంచు వెంట వెంట్రుక పడిన దిక్కునే కిందికి తెచ్చి, మోకాలి ఎత్తు దాటాక చివరి 5 సెంటీమీటర్లను మళ్లీ లాగకుండా వదలాలి. కింది కొసను రెండుగా చీల్చి మచ్చకు అటూ ఇటూ పోనివ్వవచ్చు. అంటించాక అరచేతితో నిమిషం పాటు రుద్దితే ఆ వేడికి జిగురు పట్టుకుంటుంది. కాలి చుట్టూ పూర్తిగా చుట్టడం మాత్రం ఎన్నడూ చేయకండి. అది రక్తాన్ని ఆపుతుంది. వెంట్రుక సుడి తిరిగిన చోట కూడా టేపు లేచిపోతుంది. కొనేటప్పుడు సుడులు లెక్కపెట్టి శుభాశుభాలు చూసే మనవాళ్లకు సుడి వల్ల నిజంగా వచ్చే చిక్కు ఇదొక్కటేనేమో.

మూడు రోజులు, హెచ్చంటే ఐదు రోజులు ఉంచి, కొసలు లేవగానే తీసేయండి. తీసేటప్పుడు వెంట్రుక దిక్కుకే, ఒక చేత్తో చర్మాన్ని నొక్కి పట్టి మెల్లగా ఒలవాలి. పట్టు ఎక్కువగా ఉంటే కొంచెం కొబ్బరినూనె రాసి పది నిమిషాలు ఆగాలి. తీశాక రెండు రోజులు చర్మానికి విరామం ఇవ్వాలి. పచ్చి పుండు, చీము, గజ్జి, తామర, జ్వరం, కాలు మొత్తం వాచి వేడిగా ఉండడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా టేపు పనికిరాదు.

నా తప్పు ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట జడ్చర్ల వైపు ఒక ఊరేగింపు గుర్రానికి, ఎంత బిగువుగా లాగితే అంత బాగా పనిచేస్తుందన్న భ్రమలో, గొరిగిన తొడ మీద టేపును సగానికి పైగా సాగదీసి అంటించాను, అదీ మే నెలలో. రెండో రోజుకు కొసల దగ్గర చర్మం పొక్కింది. పది రోజులు ఆ గుర్రం పెళ్లిళ్లకు వెళ్లలేదు, ఆ నష్టాన్ని యజమాని నన్ను అడగలేదు గాని నాకు మాత్రం ఇప్పటికీ గుర్తే. గుర్రం చెమటలో లాథెరిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. ఆ చెమట సబ్బులా నురగ కడుతుంది. పాలమూరు, నల్లగొండ ఎండ 43, 44 డిగ్రీలకు చేరిన రోజుల్లో తొడల మధ్య తెల్లగా కనిపించే ఆ నురగ కింద ఏ జిగురూ నిలవదు, నిలిచినా చర్మాన్ని ఉడకబెడుతుంది.

కాబట్టి ఇప్పుడు మొదలుపెట్టకండి. వైశాఖ, జ్యేష్ఠ మాసాల్లో ముహూర్తాలూ ఎక్కువ, ఎండలూ ఎక్కువ. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, మీ గుర్రానికి ఎలాగూ పని ఉండదు, తొలకరి పడి వేడి తగ్గుతుంది. ఆ నెల రోజులను పూర్తిగా దీనికే కేటాయించండి. శ్రావణంలో ముహూర్తాలు మొదలైనా ఇంకో నెల ఒప్పుకోకుండా ఉండగలిగితే మరీ మంచిది. వానలో తడిసిన టేపును మాత్రం అలాగే వదిలేయవద్దు, దాని కింద తేమ నిలిచి చర్మం చెడుతుంది.

అసలు చికిత్స నడిపింపు. మొదటి రెండు వారాలు ఉదయం పదిహేను నిమిషాలు, సాయంత్రం పదిహేను నిమిషాలు, తాడు పట్టుకొని, తిన్నగా, తొందర లేకుండా నడిపించండి. వాన వెలిసిన చెలక నేల దీనికి శ్రేష్ఠం, గట్టిగా ఉంటుంది గాని రాయిలా ఉండదు. నల్లరేగడి తడిస్తే గిట్టను పీల్చి పట్టుకుంటుంది, ఆ లాగుడుకు పాత మచ్చ కొత్తగా చిరిగే ప్రమాదం ఉంది, అటు తీసుకువెళ్లవద్దు. నడక అయి ఒళ్లు వేడెక్కాకే సాగదీత. గిట్టను నేలకు దగ్గరగా రెండు చేతులతో పట్టి, అదే వైపు ముందు గిట్ట వైపుగా మెల్లగా తీసుకువెళ్లి, అది ఇచ్చినంత వరకే ఇరవై సెకన్లు ఆపి, కాలును జారవిడవకుండా తిరిగి నేల మీద పెట్టాలి. మూడు నాలుగు సార్లు చాలు. గుర్రం లాక్కుంటే మీరు లాగకండి. బలవంతంగా సాగదీసిన మచ్చ చిరిగి, చిరిగిన చోట ఇంకా పెద్ద మచ్చ కడుతుంది.

మూడో వారం నుంచి నీలగిరి కర్రలు నాలుగైదు నేల మీద అడ్డంగా పరచి, వాటి మీదుగా నడిపించండి. కర్రకూ కర్రకూ మధ్య ఎడం మీ గుర్రం అడుగుకు సరిపడాలి. మార్వాడీ ఎత్తుకు సుమారు 75 నుంచి 85 సెంటీమీటర్లతో మొదలుపెట్టి చూసి సర్దుకోండి. తడబడకుండా దాటుతున్నప్పుడు ఒక్కో కర్రకు ఒక కొసను ఇటుక మీదకు ఎత్తండి. కాలు ఎత్తి ముందుకు వేయడాన్ని గుర్రం తానుగా నేర్చుకుంటుంది, మీరు చేతులతో లాగి నేర్పేది ఇంతకన్నా తక్కువే. ఆ తర్వాత ఖిల్లా గుట్టల వైపు సన్నని ఎత్తుపల్లం ఉన్న బాటలో ఎక్కించండి. ఎక్కడం వెనుక కండలను బలపరుస్తుంది, దిగడం కష్టం కాబట్టి నెమ్మదిగా. గుండ్రంగా తాడు మీద తిప్పడం, వేగంగా మలుపులు, ముందు కాళ్లు ఎత్తించి నాట్యం చేయించడం, ఇవి ఏవీ వద్దు. గిట్టలకు నాడాలు కొట్టే నాల్‌బంద్‌ను కూడా ఈ లోపే పిలిపించండి. టప్పుమని పడే గిట్ట మడమ వైపు ఎక్కువగా అరిగి ఉంటుంది, రెండు వెనుక గిట్టల అరుగుదలలో తేడాను సరిచేయకపోతే మిగతా శ్రమ వృథా అవుతుంది.

టేపు మీ గుర్రానికి పనిచేస్తోందా లేదా అన్నది నా మాట మీద గాని, టేపు అమ్మేవారి మాట మీద గాని నమ్మనక్కరలేదు, నేలే చెబుతుంది. పది మీటర్ల చెలక దారిని చదును చేసి, నీళ్లు చల్లి, గుర్రాన్ని మామూలు వేగంతో దాని మీదుగా నడిపించండి. ఎడమ ముందు గిట్ట గుర్తుకూ ఎడమ వెనుక గిట్ట గుర్తుకూ మధ్య ఎంత దూరమో, వెనుక గుర్తు ముందు గుర్తును దాటిందా లేదా అన్నది కొలబద్దతో కొలవండి. అలాగే కుడి వైపు. ఐదారు అడుగులు కొలిచి నోటు పుస్తకంలో రాయండి. వారానికి ఒకసారి టేపు లేకుండా, ఆ వెంటనే టేపుతో, రెండు సార్లూ ఒకే మనిషి నడిపిస్తూ చేయండి. నాలుగు వారాలకు టేపుతో తీసిన కొలతలకూ టేపు లేని కొలతలకూ తేడా లేకుండా, రెండూ కలిసి మెరుగైతే, మేలు చేసింది నడిపింపే, టేపు మానేయండి. టేపు ఉన్నప్పుడు మాత్రమే అడుగు సాగితే కొనసాగించండి. అచ్చంపేట దగ్గర దెబ్బ తగిలిన రెండో నెలలోనే నా దగ్గరకు వచ్చిన ఒక పోనీకి ఇలాగే కొలిచాము. అది ఎంతో బాగుపడింది, కాని కొలతలు చూస్తే టేపు వల్ల వచ్చిన తేడా వేలెడంత కూడా లేదు. అయినా దాని యజమాని టేపు మానలేదు, రంగు బాగుందట.

ఆరు వారాలకు కూడా కొలతల్లో మార్పు లేకపోతే శస్త్రచికిత్స గురించి ఆలోచించవచ్చు. మచ్చను మొత్తం కోసి తీసే పాత పద్ధతిలో పుండు మానడం కష్టమయ్యేది. ఇప్పుడు ఎక్కువగా ఆ కండ కింది కొస ఎముకకు అతుక్కున్న చోట దాని స్నాయువును (టెండన్‌ను) తెగ్గోస్తారు. చాలా గుర్రాల్లో నడక మెరుగవుతుంది. కొన్నింటిలో నెలల తర్వాత మళ్లీ మచ్చకట్టి పాత నడకే తిరిగి వస్తుంది. ఆపరేషన్ తర్వాత కూడా పైన చెప్పిన నడిపింపే చేయాలి కాబట్టి ఇప్పుడు నేర్చుకున్నది వృథా పోదు.

ఊరేగింపుల సంగతి. స్కాన్‌లో కొత్త చిరుగు లేదని తేలి, నొక్కితే నొప్పి లేకపోతే, ఈ నడకతోనే మీ గుర్రం వరుణ్ణి ఎక్కించుకొని తిన్నని దారిలో మెల్లగా నడవగలదు. అయితే సిమెంటు రోడ్డు మీద నాలుగు గంటలు కాదు, డీజే ముందు వెనుక కాళ్ల మీద లేపి ఆడించడం అసలే కాదు. గుర్రం లేచిన ప్రతిసారీ ఒంటి బరువంతా ఆ తొడ కండల మీదే పడుతుంది. పెళ్లివారు అడిగితే ఇది నాట్యం గుర్రం కాదని బయానా తీసుకునేటప్పుడే చెప్పేయండి. స్కాన్‌లో సున్నపు గడ్డలు కనిపిస్తే మాత్రం టేపుకు పెట్టే డబ్బు దాచి, రాజేంద్రనగర్‌కు రెండోసారి వెళ్లే బండి కిరాయికి వాడుకోండి. కనిపించకపోతే ఆషాఢం మొదటి రోజు తీసిన అడుగుల కొలతలు, రెండు వైపులవీ, నాకు రాసి పంపండి. కర్రల ఎడం ఎంత పెట్టాలో వాటిని చూసి చెబుతాను.